స్కార్‌విక్‌లో వాతావరణం పర్లేదు

శనివారం పొద్దున స్కార్‌విక్ మీద ఫెళ్లుమని ఎండ కాస్తోంది. బిర్ణా చిన్న హోటలుగా మార్చుకున్న తన పడవల కొట్టం ముందు బల్లలు వేసి, గళ్ల గుడ్డలు పరిచి, గాలికి లేవకుండా మూలల్లో గులకరాళ్లు పెట్టింది. లోపల పొయ్యి మీద చేపల సూపు కుతకుతమంటోంది. పెరట్లో కోసిన పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన కేకు కిటికీ దగ్గర చల్లారుతోంది.

రేవు చివరికి నడిచి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. వారానికోసారి పట్నం నుంచి జనాన్ని తీసుకొచ్చే తెల్లపడవ అఖాతం మొదట్లో కనిపించింది. కనిపించినట్టే కనిపించి, ఇటు తిరగకుండా దక్షిణంగా వెళ్లిపోయింది.

"పోయింది," అన్నాడు వెనక నుంచి హానుస్.

"నాకూ కళ్లున్నాయి బాబాయ్."

హానుస్ ఆమె తండ్రికి తమ్ముడు. గొర్రెలు కాస్తాడు. ఒంటి మీద ఎప్పుడూ అదే గోధుమరంగు ఉన్ని స్వెట్టర్. పెళ్లికైనా చావుకైనా, జూలై ఎండలో గడ్డి కోస్తున్నా అదే. ఆయన పుట్టినప్పుడు అది ఒంటి మీదే ఉందని ఊళ్లో హాస్యమాడతారు. మోచేతుల దగ్గర మాసికలు మాత్రం ఏటేటా మారతాయి. అవి ఆయన అక్క సున్‌వా వేస్తుంది, వేసినప్పుడల్లా తిడుతుంది.

బిర్ణా ఏప్రన్ జేబులోంచి ఫోను తీసి పడవల ఆఫీసుకి చేసింది. మారీతా అనే అమ్మాయి ఎత్తింది.

"మాకు ఇక్కడ మీ ఊరి మీద వాన బొమ్మ చూపిస్తోందండీ."

"ఆ బొమ్మ మా ఊరిది కాదు తల్లీ, కొండ అవతలిది! వాతావరణం కొలిచే యంత్రం కొండ సొరంగం అవతల స్తంభం మీద ఉంది. అక్కడ ఏడాది పొడుగునా మబ్బే. ఇక్కడ నా కేకు ఎండకి కరిగిపోతోంది."

"నాకు తెలుసండీ. మా అమ్మమ్మది మీ ఊరే. కానీ బొమ్మలో వాన ఉంటే ఆగొద్దని రూలు." మారీతా గొంతు తగ్గించింది. "ఇంకో మాట కూడా చెప్పాలి. వరసగా మూడు శనివారాలు ఆగకపోతే, ఈ వేసవికి మీ మజిలీ తీసేస్తారు. ఇది రెండోది."

కొండకి ఇటు పక్క ఉన్న ఎండని కొండకి అటు పక్క ఉన్న ఇనుప స్తంభం అబద్ధం చేసేస్తోంది. ఇంతకంటే అన్యాయం ఇంకేముంటుంది? బిర్ణా పదిహేనేళ్లు చేపల ఓడ వంటగదిలో గిన్నెలు తాళ్లతో కట్టుకుని వండింది. ఈ వేసవిలోనే, కదలని నేల మీద, సొంత పొయ్యి వెలిగించుకుంది.

"ఒక దారుందండీ," అంది మారీతా. "'నెత్తిమీద' అని ఫోనులో ఉంటుంది. ఎవరి నెత్తిమీద ఏ వాతావరణం ఉందో వాళ్లే పెడతారు. ఊళ్లో ఐదుగురు చేరితే యంత్రం మాట పక్కన పెట్టి మీ మాటే మ్యాప్‌లో వేస్తారు. ఈమధ్య మా ఆఫీసు కూడా అదే చూస్తోంది."

"ఐదుగురా? ఐదుగురేం ఖర్మ, గొర్రెల్ని కూడా చేర్పిస్తా," అంది బిర్ణా.

*

సోమవారం సాయంత్రం సున్‌వా వంటింట్లో అందరూ చేరారు. అందరూ అంటే హానుస్, సున్‌వా, చేపలు పట్టే హైనీ, అతని భార్య లీవ్. బిర్ణా కళ్లద్దాలు ముక్కు చివరికి దించుకుని ఒక్కొక్కరి ఫోనూ తీసుకుని అందులో 'నెత్తిమీద' ఎక్కిస్తోంది. హైనీ ఫోనుకి చేపల పొలుసులు అంటుకుని ఉన్నాయి. వేలితో గీకి తీసింది. సున్‌వా తన ఫోను చక్కెర డబ్బాలోంచి తీసి ఇచ్చింది.

"ఇదిగో అత్తా, నీ పేరు పడింది. ఇప్పుడు అడుగుతోంది చూడు. 'మీ నెత్తిమీద ఏముంది?'"

"రుమాలుంది."

"అది కాదత్తా, ఆకాశం గురించి."

"ఇంట్లో కూర్చున్నాను కదే. నెత్తిమీద కప్పుంది, కప్పు మీద గడ్డుంది."

హైనీ నవ్వు ఆపుకోలేక కాఫీ కప్పులోనే తుమ్మాడు. బిర్ణా ఓపిగ్గా చూపించింది. తెర మీద వరసగా ఐదు మొహాలు. మొదటిది భోరున ఏడుస్తోంది, రెండోది ముఖం మాడ్చుకుంది, నడిమిది నోరు గీతలా బిగించుకుంది, దాని కింద 'పర్లేదు' అని ఉంది. నాలుగోది నవ్వుతోంది, కింద 'బావుంది'. ఐదోది పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది, కింద 'అద్భుతం'. పడవ ఆగాలంటే చివరి రెండిట్లో ఏదో ఒకటి కావాలి.

"ఉన్నదున్నట్టు నొక్కండి. అంతే. అబద్ధాలు వద్దు, దాపరికాలూ వద్దు."

"అబద్ధం ఎందుకాడతాం?" లీవ్ నొచ్చుకుంది.

హానుస్ ఈ మొహాల జోలికి రాలేదు. ఫోటో తీసే చోటు దొరికాక మిగతావన్నీ మర్చిపోయాడు. సున్‌వా పిల్లిని తీశాడు, కెటిల్‌ని తీశాడు. మర్నాడు పొద్దున్నుంచీ గొర్రెల్ని తీయడం మొదలెట్టాడు. ఒక్కోదాన్ని ఎదురుగా, పక్కనుంచి, వెనకనుంచి.

"వెనకనుంచి ఎందుకు బాబాయ్?"

"చెవులకి గాట్లుంటాయి కదమ్మాయ్. వెనకనుంచైతే ఎవరి గొర్రో తెలుస్తుంది."

*

బుధవారం లాంటి రోజు మా దీవుల్లో ఏడాదికి నాలుగొస్తే గొప్ప. అఖాతంలో నీళ్లు కదలడం లేదు. ఎదురుగా ఉన్న దీవి చెయ్యి చాస్తే అందేలా ఉంది. కోసిన గడ్డిని ఊరంతా కలిసి తీగల మీద ఆరేస్తున్నారు. సున్‌వా కింది తీగ, లీవ్ మీది తీగ. గడ్డిని పిడికెడు పిడికెడు విదిలించి, నీళ్లు జారిపోయేలా తలకిందులుగా వేస్తున్నారు. పొలమంతా పచ్చి వాసన.

బిర్ణా కొట్టం గుమ్మంలో నిలబడి పళ్లన్నీ కనపడే మొహం నొక్కింది. మిగతావాళ్లూ నొక్కి ఉంటారు కదా అని, చేతులు తుడుచుకుని, సంబరంగా మ్యాప్ తెరిచింది.

స్కార్‌విక్ మీద బూడిదరంగు చుక్క. నోరు బిగించుకున్న మొహం. 'పర్లేదు' అన్నవాళ్లు నలుగురు, 'అద్భుతం' అన్నవాళ్లు ఒకరు.

ఆమె ఏప్రన్‌తోనే పొలంలోకి పరుగెత్తింది.

"ఎవరు నొక్కారిది? 'పర్లేదు' ఎవరు నొక్కారు?"

నలుగురూ గడ్డి పట్టుకుని ఆమెవైపు చూశారు.

"నేనే," అన్నాడు హైనీ.

"నేనూ," అంది లీవ్.

"పర్లేదు కదా మరి?" అన్నాడు హానుస్, స్వెట్టర్ చేతితో నుదుటి మీద చెమట తుడుచుకుంటూ.

"పర్లేదా! పైకి చూడు బాబాయ్! ఒక్క మబ్బుందా? గాలుందా? ఇది పర్లేదైతే ఇంక బావుండటం ఎప్పుడు?"

సున్‌వా చుట్టూ ఒకసారి చూసి, ఎవరో వింటున్నట్టు గొంతు తగ్గించింది. "నోరు మెదపకే. వాతావరణాన్ని మొహం మీదే పొగుడుతారటే ఎవరైనా? పొగిడితే ఊరుకుంటుందా అది?"

"అత్తా, అది వాతావరణం. దానికి చెవులు లేవు."

"లేవా? హైనీ, మీ నాన్న సంగతి చెప్పు దీనికి."

హైనీ గడ్డి తీగ మీద వేశాడు. "మా నాన్న ఒకసారి పడవెక్కుతూ 'సముద్రం ఎంత బావుందో' అన్నాడట. సగం దూరం పోయేసరికి పొగమంచు. తిరిగి తిరిగి పక్క దీవిలో ఒడ్డెక్కాడు. అక్కడే పెళ్లి కూడా చేసుకున్నాడు."

"అది మీ అమ్మే కదా!"

"అవును."

"మరి మంచే జరిగింది కదా!"

"మీ అత్త మా అమ్మని ఎరుగును," అన్నాడు హైనీ. సున్‌వా ఎరుగుదునన్నట్టు తలాడించి, మళ్లీ పిడికెడు గడ్డి విదిలించింది.

బిర్ణా బతిమాలింది. కోప్పడింది. "పైకి అనక్కర్లేదు, వేలితో నొక్కండి చాలు," అంది. వేలితో నొక్కినా అన్నట్టే అని లీవ్ తేల్చింది. చివరికి బిర్ణా కూడా గడ్డి పట్టుకుని నిలబడింది. తిట్టుకుంటూ ఆరేస్తే పని త్వరగా అయిపోయింది.

*

గురువారం గాలి లేచింది. కొట్టం బల్లల్లో ఒకటి రేవు దాటి సముద్రంలో పడి, నాలుగు కాళ్లూ పైకి పెట్టుకుని తేలుతూ పోయింది. పడవ షెడ్డు తలుపు వేయడానికి హైనీ నేల మీద పాక్కుంటూ వెళ్లాడు. సున్‌వా కోళ్లని వంటింట్లో పెట్టుకుంది. బిర్ణా కిటికీలకి చెక్కలు కొట్టి, భుజాలు లాగేస్తుంటే కూలబడి, భోరున ఏడ్చే మొహం నొక్కింది. తర్వాత మ్యాప్ తెరవాలంటే భయమేసింది. అయినా తెరిచింది.

'పర్లేదు' నలుగురు. కింద హైనీ రాశాడు కూడా: "కాస్త గాలి."

శుక్రవారం పొద్దున గాలి తగ్గేసరికి 'నెత్తిమీద' నుంచి ఊరి పేరున ఒక సందేశం వచ్చి ఉంది. బిర్ణా అందరినీ కొట్టంలోకి పిలిచి, చెక్కలు తీయకముందే, ఆ చీకట్లోనే బిగ్గరగా చదివింది.

"'స్కార్‌విక్ సభ్యులకు. మీ ఊరి నుంచి అందే సమాచారం ఎండకీ తుఫానుకీ ఒకేలా ఉంది. మీ పరికరాలు పాడై ఉండవచ్చు. సరిచూసేంత వరకు మ్యాప్‌లో దగ్గరి యంత్రం లెక్కనే చూపిస్తాం.'"

"పరికరాలకేం కాలేదు," అన్నాడు హైనీ. "మనమే ఇలా తయారయ్యాం."

లీవ్ నవ్వబోయి, బిర్ణా మొహం చూసి ఆగింది.

"నవ్వండి. ఎందుకు నవ్వరు?" బిర్ణా ఫోను బల్ల మీద పడేసింది. "దగ్గరి యంత్రం అంటే ఏంటి? మళ్లీ ఆ సొరంగం దగ్గరి స్తంభమే. రేపు అది వానంటే వాన. పడవ రాదు. మజిలీ తీసేస్తారు. పడవ లేని ఊళ్లో సూపు ఎవరికి పోయను, మీ కోళ్లకా? తాళం వేసి మళ్లీ చేపల ఓడెక్కుతాను. అక్కడైతే తుఫానొస్తే తుఫానంటారు."

ఆమె ఓడలో ఉన్న పదిహేనేళ్లూ పండగలప్పుడు సున్‌వా ఆమెకోసం బల్ల దగ్గర ఒక కుర్చీ వేసి ఉంచేది. ఇప్పుడు ఆ సున్‌వా రుమాలు ముడి విప్పి మళ్లీ కట్టుకుంది.

అందరూ వెళ్లిపోయాక హానుస్ గుమ్మం దగ్గర ఆగాడు. ఫోనుని పిట్టపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"అమ్మాయ్, దీన్లో ఏమీ అనకుండా, ఊరికే చూపించడానికి కుదురుతుందా?"

"ఫోటో పెట్టొచ్చు. మ్యాప్‌లో కనపడదు కానీ, ఊరి పేరు నొక్కినవాళ్లకి కనపడుతుంది. అయినా నీ గొర్రెల వెనకభాగాలు చూసి ఎవడూ పడవెక్కి రాడు బాబాయ్."

"అవునవును," అన్నాడు హానుస్. కానీ ఎక్కడ నొక్కాలో అడిగి తెలుసుకునే వెళ్లాడు.

*

శనివారం తెల్లవారింది. బుధవారాన్ని మించిన ఎండ. మ్యాప్‌లో మాత్రం స్కార్‌విక్ మీద నల్ల మబ్బు, దాని కింద మూడు నీలి చుక్కలు.

బిర్ణా అయినా సూపు పెట్టింది. గుడ్డలు పరిచింది, రాళ్లు పెట్టింది. చెయ్యి ఆగితే ఏడుపొస్తుందని చెయ్యి ఆపలేదు. పది దాటాక మారీతాకి ఫోను చేసింది.

"సారీ అండీ. చూశాను. మీ ఊరి పరికరాలు పాడయ్యాయట కదా."

"అయ్యాయమ్మా. పుట్టుకతోనే పాడు," అని ఫోను పెట్టేసింది.

తెల్లపడవ అఖాతం మొదట్లో కనిపించింది. బిర్ణా ఈసారి రేవు చివరికి వెళ్లలేదు. బల్ల మీది రాళ్లు ఒక్కొక్కటీ తీసి బకెట్లో వేసి, మొదటి గుడ్డ మడత పెట్టింది. రెండోదీ మడత పెట్టింది. మూడో గుడ్డ అంచు పట్టుకునేసరికి పడవ కూత వినిపించింది. ఒక కూత కాదు, పొడుగ్గా, ఆపకుండా, పెళ్లిపడవలా.

తలెత్తి చూసింది. తెల్లపడవ ముక్కు ఇటే తిరిగి ఉంది.

చేతిలో గుడ్డతోనే రేవుకి పరుగెత్తింది. పడవ నిండా జనం. టోపీలు, కెమెరాలు, నెత్తిమీద నల్ల కళ్లద్దాలు. తాడు విసిరే దాకా కూడా ఆగకుండా పడవ నడిపే టైతుర్ రేవు మీదికి దూకాడు. మొహం ఎర్రగా ఉంది.

"ఎక్కడ? మనిషేడి?"

"ఎవరు?"

"హానుస్! నిజమేనా, లేక ఎవరన్నా ఆటపట్టిస్తున్నారా?"

అతను ఫోను ఆమె మొహం ముందు పెట్టాడు. ఫోటోలో కంచె రాటకి వేలాడుతున్న గోధుమరంగు స్వెట్టర్. మోచేతుల దగ్గర సున్‌వా మాసికలు. ఒక గొర్రె దాన్ని అనుమానంగా వాసన చూస్తోంది. కింద రెండు ముక్కలు: "తీసేశాను. హానుస్, స్కార్‌విక్."

"నేను చిన్నప్పట్నుంచి ఆయన్ని ఎరుగుదును," అన్నాడు టైతుర్. "మా నాన్న పెళ్లిలో కూడా విప్పలేదట. అఖాతం దాకా వచ్చి, అలవాటుగా ఊరి పేరు నొక్కితే ఇది కనపడింది. ఇంజను ఆపేశాను. మారీతాకి ఫోన్ చేసి, స్కార్‌విక్‌లో హానుస్ స్వెట్టర్ విప్పాడన్నాను. ఆ పిల్ల కేకేసింది చూడు! 'యంత్రం సంగతి తర్వాత, ముందు పడవ తిప్పు' అంది. వాళ్ల అమ్మమ్మది ఈ ఊరేనట కదా."

బిర్ణాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏది ముందో తెలియక చేతిలో గుడ్డతో మొహమంతా తుడుచుకుంది.

అప్పుడు పొలం గట్టు మీద నుంచి హానుస్ దిగొచ్చాడు. బనీను మీద ఉన్నాడు. మెడా, మణికట్టు దాకా చేతులూ ఎండకి కమిలి నల్లగా ఉన్నాయి. మిగతా ఒళ్లంతా పాలలా తెల్లగా ఉంది. పడవలోంచి దిగుతున్న పట్నం ముసలావిడ ఒకతి ఏమనుకుందో చప్పట్లు కొట్టింది. మిగతావాళ్లూ అందుకున్నారు. హానుస్ సిగ్గుపడి బనీను కిందికి లాక్కున్నాడు.

"బాబాయ్!"

"నేనేమీ అన్లేదమ్మాయ్," అన్నాడు హానుస్ కంగారుగా. "ఒక్క మాట కూడా అన్లేదు. ఉక్క పోసింది, తీశాను. అంతే."

ఆయన వెనక చూస్తే ఊరంతా మాట్లాడుతోంది. సున్‌వా తన దుప్పట్లూ పరుపులూ రాతిగోడ మీద ఆరేసి, పక్కన నిలబడి ఫోనుతో వాటిని ఫోటో తీస్తోంది. లీవ్ ఇంటి కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. హైనీ పడవని బోర్లించి రంగు వేస్తున్నాడు. రంగు ఆరుతుందన్న నమ్మకం లేనిదే అతను డబ్బా మూత తీయడు. ఈ నాలుగు రోజులూ తను అడిగింది వీళ్లు మాట్లాడే భాషలో కాదని బిర్ణాకి అప్పుడు తెలిసింది.

తర్వాత ఆలోచించడానికి తీరికే దొరకలేదు. సూపు అయిపోయింది. లీవ్ ఉడికించిన బంగాళాదుంపలు తెచ్చింది, హానుస్ ఎండబెట్టిన గొర్రెమాంసం కాలు తెచ్చి పలచగా కోసి పెట్టాడు. కేకు చివరి ముక్క కోసం పట్నం ముసలావిడా టైతుర్ పోట్లాడుకుని సగం సగం పంచుకున్నారు. సముద్రంలో పోయిన బల్ల స్థానంలో సున్‌వా తన వంటింటి తలుపు ఊడదీయించి పీపాల మీద పరిచింది. జనం గడ్డి తీగల పక్కన నిలబడి ఫోటోలు దిగారు. హానుస్‌తో దిగని వాళ్లు లేరు.

మధ్యాహ్నం దాటాక సముద్రం మీద నుంచి సన్నగా చల్లగాలి మొదలైంది. సూర్యుడికి అడ్డంగా ఒక పలచని మబ్బు వచ్చింది. బిర్ణా కప్పులు ఏరుతూ చూసింది. హానుస్ చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. పెదాలు నీలంగా ఉన్నాయి.

"బాబాయ్, స్వెట్టర్ వేసుకో."

"వద్దు."

"గడ్డ కట్టుకుపోతున్నావ్."

"పడవ వెళ్లనీ," అన్నాడు హానుస్, పళ్లు టకటకలాడుతుంటే. "వీళ్లంతా ఆ ముక్క నమ్మి వచ్చారు. వీళ్ల ముందే వేసుకుంటే మన ఊరి మాటకి విలువేముంటుంది?"

బిర్ణా ఆయన పక్కనే, గాలి తగలకుండా, అడ్డంగా నిలబడింది. ఇంకేమీ చేయలేకపోయింది.

సాయంత్రం పడవ బయల్దేరింది. "వచ్చే శనివారం!" అని టైతుర్ అరిచాడు. జనం చేతులూపారు. హానుస్ బనీనులో నిటారుగా నిలబడి చెయ్యి ఊపాడు. పడవ కొండ మలుపు తిరిగిందో లేదో, సున్‌వా రాతిగోడ వెనక దాచిన స్వెట్టర్ పట్టుకుని పరుగెత్తుకొచ్చి తమ్ముడి తల మీంచి దూర్చేసింది, తిడుతూనే. కాసేపు లోపల తల ఎటుందో, చెయ్యి ఎటుందో ఇద్దరికీ తెలియలేదు.

రేవు మెట్ల మీద అందరూ కూర్చున్నారు. బిర్ణా ఫోను తీసింది. 'మీ నెత్తిమీద ఏముంది?' అని అడుగుతోంది. ఐదు మొహాలూ ఆమెవైపే చూస్తున్నాయి. తన జీవితంలో ఇంతకంటే మంచి రోజు వచ్చినట్టు ఆమెకి గుర్తులేదు. బొటనవేలు పళ్లన్నీ కనపడే మొహం మీదికి వెళ్లింది.

పక్కన సున్‌వా గొంతు సవరించుకుంది. హైనీ ఆకాశంలోకి చూశాడు. లీవ్ ఊపిరి బిగబట్టింది.

బిర్ణా బొటనవేలు మెల్లగా వెనక్కి జరిపి నడిమి మొహం నొక్కింది. పర్లేదు. దాని కింద రాసింది: "హానుస్ స్వెట్టర్ వేసుకున్నాడు."

నిమిషం కాకముందే పడవ మీంచి టైతుర్ జవాబు వచ్చింది.

"అందింది. ఇక్కడ అందరం కోట్లు వేసుకుంటున్నాం."